పెళ్లిచూపుల కాడ ఆగిన బండి

హలో… ఆ, నేనే, నవతనే మాట్లాడుతున్న. షెడ్డుల్నే ఉన్న, నారాయణగూడల… చెప్పు అనురాగ్ అన్నా.

ఏందీ?… జర గట్టిగ చెప్పు, వినవడుతలేదు… ఎందుకు గట్ల గుసగుస పెడుతున్నవ్? పక్కన ఎవరన్న పండుకున్నరా?

మెట్ల కింద నిలవడ్డవా… ఎవరింటి మెట్ల కింద?

ఓహో! ఇయ్యాల్నేనా పెళ్లిచూపులు. ఆ, మొన్న బండి తీస్కపోయినప్పుడు చెప్పినవ్, అశోక్‌నగర్‌ల అని… మరి లోపల కూచొని మిక్చరు తినక నాకెందుకు ఫోన్? నేనేమన్న పిల్ల తరఫుదాన్నా?

ఆగిందా?

బండా?

ఎట్ల ఆగిందన్నా… వాళ్ల గేటు కాడ్నా… అడ్డంగనా! పక్కింటోళ్ల స్కూటర్లు గూడ బయటికి పోరాకుంట…

అయ్యో అన్నా. నేనొక్కదాన్నే మొదటిసంది చివరిదాక చేసిన మొదటి కారు అది. కంపెనీ పెట్టిన కంప్యూటరు తీసేసి, కొత్త ఈసీయూ కూసోవెట్టి, ఒక్కొక్క వైరు నా చేతులతోని గుంజి, ట్యూనింగు చేసి… — సరే సరే. నా ముచ్చట తర్వాత. నీ పెళ్లి ముచ్చట ముందు.

లోపల ఎవరెవరున్నరు?… మీ అమ్మ… పిల్ల నాయిన, వీరరాఘవరావు గారు… ఏం చేస్తరు?… రిటైరైన హెడ్మాస్టరా! అయిపాయె. ఏమన్నరు?

‘బండినే సరిగ్గా పెట్టుకోనివాడు సంసారం ఏం పెడతాడు’ అన్నరా?… అందరి ముంగట్నేనా?

ఆఁ… రాహుకాలం రాకముందే ఔనో కాదో చెప్పేస్తమన్నరా. మరి నీకు పిల్ల నచ్చిందా?… రెండు నెలల సంది ఫోన్ల మాట్లాడుకుంటున్నరా! ఒక్క మాట గూడ చెప్పలేదేందన్నా మాకు… నిహారిక. మంచిగున్నది పేరు. అంటే పిల్ల సరే అన్నది, మీ అమ్మ సరే అన్నది, ఇగ ఆ హెడ్మాస్టరు సారు ఒక్కడే ఒప్పుకోవాలె. ఆయన ముంగట బండి ఆగింది. అంతేనా?

అంతే గదా. పరేషాన్ కాకు. నేనొస్త ఆగు. ఎంత దూరం, చిక్కడపల్లి మీదికెళ్లి నడిచినా వస్త…

వద్దా?

ఎందుకొద్దు?… ఏం చెప్పినవ్ వాళ్లకు?

సారు ఆ మాట అనంగనే భయపడి, దోస్తు బండి అని చెప్పినవా!

ఎవరా దోస్తు… సాయిచైతన్యనా? నేనెప్పుడు చూడలేదే… లేడా? అసలు గసొంటోడే లేడా? శాన మంచిగున్నది. లేని దోస్తును పుట్టిచ్చి, ఆయన చేతుల నీ బండి పెట్టినవ్. ఇప్పుడు నేనొచ్చి బానెట్ లేపితే ‘ఈ పిల్లెవరు’ అని అడుగుతరు, అబద్ధం బయటపడ్తది. గదా నీ బాధ?

అన్నా, నాకు తిప్పి చెప్పుడు రాదు. మా ఇంట్ల డిగ్రీ పట్టా తెచ్చుకున్నది నేనే మొదలు. పట్టా ఒచ్చింది గని తెలివి మాటలు రాలే. ఉన్నదున్నట్టు చెప్తున్న. అబద్ధమంటే సోల్డరు పెట్టకుండ చేతితోని మెలేసిన జాయింటసొంటిది. ఇయ్యాల నడుస్తది. గతుకు రాంగనే ఊసిపోతది.

…సరే, తిట్టను. తిట్టేది తర్వాత. బండి కాడికి నడువు. చాబీ ఉన్నదా చేతుల? కూచో. ఉట్టిగ ఆన్ చెయ్యి, సెల్ఫ్ కొట్టకు. ఎనక టాంకు కాడ ‘జుయ్’ మని చప్పుడొస్తదా విను… వచ్చి ఆగిందా? మంచిది. అంటే కంప్యూటరుకు కరెంటు అందుతున్నది, పెట్రోలు పంపు నడుస్తున్నది.

ఇప్పుడు ఫోన్ స్పీకర్ల పెట్టి సెల్ఫ్ కొట్టు… ఊఁ… ఊఁ… ఇడువు. ఇంకొక్కపారి… చాలు చాలు, బ్యాటరీ పోతది. ఇంజను తిరుగుతున్నది, అంటుకుంటలేదు.

ఇప్పుడు నేనడిగింది మంచిగ చూసి చెప్పు. సెల్ఫ్ కొడుతుంటే మీటర్ల ఆర్పీఎం ముల్లు లేచిందా? కొంచెమన్న?… అస్సలు లేవలేదా? పక్కానా?

ఆ! సగం దొరికిందన్నా.

చెప్త విను. ఇంజను ముంగట, కింద, ఒక చిన్న సెన్సారుంటది. క్రాంక్ సెన్సారంటం. ‘ఇంజను తిరుగుతున్నది’ అని కంప్యూటరుకు కబురు చెప్పేది అదే. ఇప్పుడు ఆ కబురు పోతలేదు. కబురు రాకుంటే కంప్యూటరు ఏమనుకుంటది? బండి నిద్రల ఉన్నదనుకుంటది. మంట పెట్టది, పెట్రోలు పొయ్యది… కాదు, సెన్సారు కరాబు కాలేదు, అది కొత్తది. దాని వైరు ఏడ్నో దెబ్బతిన్నది.

ఎనక ఆ లొల్లి ఏంది?… ఎంతమంది?

కోచింగు పిల్లలా! ఔ, అశోక్‌నగర్ గదా, ఆదివారం టెస్టు రాసి చాయ్ తాగనీకి దిగుతరు. ఏమంటున్నరు?… ఒకడు బ్యాటరీ… ఒకడు ప్లగ్గు… మూడోడు పెట్రోలు అయిపోయిందంటున్నడు… నాలుగోడు ‘పైవన్నీ’ అంటున్నడా! గ్రూప్స్ చదివి చదివి వాళ్లకు ప్రపంచమంతా నాలుగు ఆప్షన్లే అన్నా. ‘పైవేవీ కావు’ అని చెప్పు.

హమ్మయ్య, నవ్వినవ్. ఇందాకటిసంది గొంతు ఎట్లున్నదో తెలుసా నీకు? పన్ను పీకిచ్చుకోనీకి పోయినోని లెక్క.

బానెట్ లేపు… లేపినవా. నల్ల బట్ట టేపు చుట్టిన లావు వైర్ల కట్ట ఉంటది చూడు, రేడియేటరు ఎనకకెళ్లి కిందికి పోతది… చీకటా? ఫోన్ల టార్చి ఎయ్యి, మాట ఏం కట్ కాదు… ఏం కనవడుతలేదంటవ్, మంచిగ చూడు… ఎవరో టార్చి పట్టుకున్నరా? ఎవరన్నా?

అన్నా?

మాట్లాడుతలేవేంది… అన్నా!

ఆ… నమస్తే అండి… మీరు… నిహారిక గారా!

నేను నవత అండి. నారాయణగూడల షెడ్డు ఉన్నది, ఆడ పనిచేస్త… ఆ, నేనే. ఈ బండికి కంప్యూటరు పెట్టింది నేనే… అన్న ఏడి?

బండి కిందికి దూరిండా? పెళ్లిచూపుల బట్టలతోని?… పైగ తెల్ల చొక్కా! కిందికెందుకు దూరిండండి, చూడాల్సింది పైకెళ్లి. మిమ్ముల జూసి దాసుకున్నడేమో.

ఎవరి బండి అనా…

…నిహారిక గారూ, అది ఆయన్నే అడగండి. కింద్నే ఉన్నడు గదా, యాడికి పోతడు.

మీకు తెలుసా! ఎట్ల… ఓ. రెండు నెలల సంది ఫోన్ల ఈ బండి ముచ్చటేనా! ఇంజను ముచ్చట, సైలెన్సరు ముచ్చట… నా పేరు గూడ చెప్పిండా? అయ్యో.

అంటే మీ ముంగట్నే మీ నాన్నగారికి దోస్తు బండి అని చెప్పిండు, మీరు పక్కన చాయ్ గిలాసలు పట్టుకొని నిలవడి విన్నరు… కోపం రాదా మరి. వస్తది. నాకైతే ఆ చాయ్ మీద పోసే అంత వస్తది… లేదు లేదు, నేను ఆయన దిక్కు మాట్లాడుతలేను. ‘ఈ మనిషి రేపు నా విషయంల గూడ ఇట్లనే తప్పుకుంటడా’ అనిపిస్తది… ఔ. అడగాల్సిందే. మీరడగండి, నేను అడ్డం రాను.

బండి సంగతి చూద్దామా ముందు? మీ పక్కింటోళ్ల స్కూటర్లన్న బయటికి పోతయి… టార్చి ఆ నల్ల కట్ట మీద కొట్టండి. కట్ట ఎంబడే మెల్లగ కిందికి రండి. ఏమన్న కాలిందా, తెగిందా, కోసుకపోయిందా…

నిమ్మకాయనా?

ఇంజనుల నిమ్మకాయ ఎందుకుంటదండి!… మిరపకాయలు గూడనా? దిష్టిదండ!

ఏడ వేలాడుతున్నది? కట్టిండ్రా?… గుచ్చిండ్రా? దేనితోని?

పిన్నీసు.

నిహారిక గారూ, ముట్టకండి. జర ఆగండి. ఆ పిన్నీసు నల్ల కట్టకే గుచ్చి ఉన్నదా?… లోపలికి దిగిందా, పైపైన్నా?… మొత్తం దిగింది. అన్నను బయటికి రమ్మనండి, అడగండి ఎవరు గుచ్చిండ్రో.

…వాళ్లమ్మ. లక్ష్మమ్మ గారు. పిన్నీసు జూసి అన్న గుర్తువట్టిండా, ఆయనకు గూడ ఇప్పుడే తెలిసిందా?

నాకర్థమైందండి. ముంగట బంపరుకు కడ్తనంటే ఈయన కట్టనియ్యడు, బండి లుక్కు పోతదని లొల్లి పెడ్తడు. మా షెడ్డుల గూడ గదే లొల్లి పెట్టిండు, బంపరు మీద ఒక్క స్టిక్కరు అతికియ్యనియ్యలే. ఇగ ఆమె ఏం చేసింది, గాజులకున్న పిన్నీసు తీసి, ఎవరికి కనవడకుంట బానెట్ లోపల గుచ్చింది. కొడుకు పెళ్లిచూపులకు పోతున్నడు, పదిమంది కండ్లు పడ్తయని… మీరు నవ్వుతున్నరా?… నాకు గూడ ఆగుతలేదండి. మా మీటర్లు, ల్యాప్‌టాపులు, సెన్సార్లు… అన్నిటికి ఒక్క నిమ్మకాయ జవాబు చెప్పింది.

ఆ కట్టల ఒక్క వైరు వేరే తీరుగుంటది. లోపల కబురు మోసే సన్న వైరు, దాని సుట్టు లోహపు జాలి. పక్క వైర్ల గడబిడ దానికి అంటొద్దని ఆ జాలి. ఈ పిన్నీసు జాలిని, లోపలి వైరును కలిపేసింది. కాచిగూడల వాళ్లింటి కాడ పిన్నీసు లోపలి వైరుకు జరంత దూరమున్నట్టున్నది, అందుకే బండి స్టార్టయింది. కాచిగూడసంది మీ ఇంటి దాక నిమ్మకాయ ఊగుకుంట ఊగుకుంట పిన్నీసును లోపలికి దింపింది. మీ గేటు కాడ తగిలింది.

తీద్దాం. చాబీ బంద్ ఉన్నదా చూడండి… ఇగ వంకర గుంజకుండ, సీదా, మెల్లగ… వచ్చిందా? శభాష్. ఆ నల్ల టేపు రెండు చుట్లు విప్పండి. లోపల బూడిద రంగు వైరు, దాని మీద చిన్న బొక్క… కనవడ్డదా? అదే. ఇంట్ల ఇన్సులేషన్ టేపు ఉన్నదా?

లేదు… బ్యాండెయిడు వద్దండి, ఇంజను వేడికి ఊడిపోతది… మీ దగ్గర నెయిల్ పాలిష్ ఉంటది గదా? ఇయ్యాల పెట్టుకొనే ఉంటరు… నిజంగనే చెప్తున్న. ఆరితే కరెంటును ఆపుతది. బొక్క మీద ఒక్క చుక్క… ఏ రంగైనా సరే, బండి ఏమనుకోదు… మీరే పోయి తెస్తరా? మీ నాన్నగారు అడిగితే?… ‘గోర్లకే’ అంటరా! మీరు గూడ మొదలువెట్టిండ్రా?… హహ, సరే, పోయి రండి. ఫోన్ అన్నకియ్యండి.

అన్నా. బయటికొచ్చినవా… చొక్కా ఎట్లున్నది?… పోనీ. మరక ఉతికితే పోతది.

విను. అమ్మను ఏమనకు. ఒక్క మాట గూడ. తప్పంతా అమ్మ మీదికి నెట్టినవనుకో, బండి దోస్తుదని, పిన్నీసు అమ్మదని, ఇగ నీదంటూ ఏం మిగులుతది చెప్పు?… ఆ. అది.

వాళ్ల నాయినకు నువ్వే చెప్పాలె… భయమైతే ‘భయమైంది సార్’ అని చెప్పు. దాంట్ల సిగ్గేమున్నది? నాకు కాలేజీల వైవా అంటే గట్లనే ఉండె, ఇంగ్లీషుల అడుగుతుంటే నాలుక మడత పడేది. ‘సార్, నాకు తెలుసు గని భయమైతున్నది, తెలుగుల చెప్తా’ అన్న. చెప్పమన్నడు. అంతే… నేను చెప్పనన్నా. నన్నడిగితే ఉన్నదే చెప్త, గని ముందుగాల నీ నోటికెళ్లి రావాలె.

వచ్చిందా ఆమె? ఫోన్ ఇయ్యి. నువ్వు పోయి చేతులు కడుక్కో.

ఆ, నిహారిక గారూ, పెట్టిండ్రా?… ఎర్రదా. మంచిగున్నది. ఊదకండి, తుంపర్లు పడ్తయి. ఊకెనే ఆరనియ్యండి.

…అడగండి.

మనిషి ఎసొంటోడు అనా?… నేనేం చెప్తనండి, నాకు తెలిసింది బండి… సరే. మీరు గట్ల అడిగితే దాసుడు నాకు చాత కాదు. ముందు చెడ్డది చెప్త, ఏమనుకోవద్దు. భయమెక్కువ. ఎవరన్న జర గట్టిగ మాట్లాడితే ‘సరే’ అంటడు. మా షెడ్డు ఓనరు శ్రీశైలం అన్న ఆ సైలెన్సరు నేను వద్దువద్దనంగ ఈయనకు అంటగట్టిండు. ఈయన వద్దని నోరు తెరవలేక పెట్టిచ్చుకున్నడు. అందుకే బండి గట్ల మొత్తుకుంటది.

ఇగ మంచిది. మా దగ్గరికి వచ్చేటోళ్లంతా నన్ను జూసి ‘మెకానిక్ ఏడమ్మా’ అని అడుగుతరు. ముంగట ల్యాప్‌టాపు ఉన్నా, చేతుల వైర్లున్నా గదే మాట. ఈయన అడగలే.

ఇంకొకటి. ట్యూనింగు చేసేటప్పుడు బండి ఓనరు నడుపుతడు, నేను పక్కసీట్ల ల్యాప్‌టాపు పట్టుకొని కూచుంట. నేను ‘తొక్కు’ అంటే తొక్కాలె, ‘ఇడువు’ అంటే ఆ క్షణమే ఇడువాలె. లేకుంటే ఇంజను పోతది. పక్కనున్న ఆడపిల్ల ‘ఇడువు’ అంటే మగోళ్లు ఇడువరండి. ‘నాకు తెలుసులే’ అని ఇంకింత తొక్కుతరు. అట్ల కాల్చుకున్న ఇంజన్లు మా షెడ్డు మూలకు పడున్నయి. ఈయనతోని నేను బాగ్ లింగంపల్లి రోడ్లన్నీ తిరిగిన. ఇడువు అన్న ప్రతిసారి ఇడిచిండు. మొహం గూడ మాడ్చుకోలే. ‘ఎందుకు ఇడువుమన్నవ్, చెప్పు, నేర్చుకుంట’ అనేటోడు.

నాకు తెలిసింది గంతే… లేదండి, ఒప్పుకొమ్మని చెప్తలేను. అది మీ ఇష్టం. అబద్ధం చెప్పింది గూడ ఆయననే, అది గూడ ఎయ్యండి లెక్కల.

ఆరిందా? ముట్టి చూడండి… ఇగ టేపు చుట్టి సెల్ఫ్ కొట్టమనండి… మీరే కొడ్తరా? కారు వస్తదా మీకు?… మీ నాన్నగారే నేర్పిచ్చిండ్రా! అయితే న్యూట్రల్‌ల ఉన్నదా చూసి కొట్టండి. ఫోన్ అన్న చేతికిచ్చి ఇంజను దగ్గర పట్టుకోమనండి, నాకు వినవడాలె.

…

అబ్బా! అంటుకున్నది!

ఎవరు మాట్లాడకండి, విననియ్యండి… ఊఁ… ఊఁ… ఇదే. ఇదే నా బండి చప్పుడు. అన్నా, ముల్లు లేచిందా?… సాఫుగ ఉన్నది. ఆ చప్పట్లేంది?… కోచింగు పిల్లలా! వాళ్లకు నా తరఫున చాయ్ తాగిపిచ్చు.

బాల్కనీల ఎవరు?… సారేనా. కిందికొస్తున్నడా?

అన్నా, ఇగ చెప్పు… బండి బంద్ చేసి చెప్పు, ఈ మోతల ఏం వినవడ్తది ఆయనకు… ఫోన్ పెట్టేస్త మరి… పెట్టొద్దా? నేనుంటే నీకేం ధైర్యమన్నా… సరే, జేబుల ఏసుకో. నేను సప్పుడు చెయ్య.

…

ష్… శ్రీశైలం అన్నా, తినుకుంట మాట్లాడకు, జర ఆగు. ఆడ చెప్తున్నడు… నీకు తర్వాత చెప్త, ముందు విననియ్యి…

…చెప్పన్నా. చెప్పు…

‘నాదే సార్’ అన్నడు. శ్రీశైలం అన్నా, చెప్పిండు!… ‘భయమైంది సార్, తప్పయింది’ అన్నడు… ష్, ‘జేబుల ఆ ఫోన్ ఏంది, ఇటియ్యి’ అంటున్నడు సారు…

హలో?… హలో, నమస్తే సార్. నమస్తే… ఆ, నవతను… ఆ, ఆయన జేబులకెళ్లి వింటున్న సార్. తప్పే. ఏమనుకోకండి.

నేనే పెట్టిన సార్… బీటెక్ చేసిన… లేదు సార్, కోచింగుకు పోలే. మా నాయిన గూడ గదే అంటడు, గ్రూప్స్ రాయొచ్చు గద బిడ్డా అని… నాకు ఇదే ఇష్టం సార్.

భద్రమే సార్. కంప్యూటరు పెట్టకముందే బ్రేకులు మార్పిచ్చినం. ఉరికే ముచ్చట కంటే ఆగే ముచ్చట ముందు చూస్తం… స్పీడుకు హద్దా? పెట్టొచ్చు సార్, ల్యాప్‌టాపుల ఒక్క అంకె కొడితే అయితది. గని నడిపేటోళ్లు చెప్పాలె గదా… ఎవరు, మీ అమ్మాయా?… వద్దంటున్నదా హద్దు? మరి నేనేం చెయ్యాలె సార్, మీరు మీరు చూసుకోండి.

అబద్ధం ఎందుకు చెప్పిండంటే… అది ఆయననే చెప్పిండు గద సార్. దాని మీద నేను కలిపేది ఏం లేదు.

ఏంది సార్?… ఎనక సీటా?

లేదు సార్. తీసేసినం. బరువు తగ్గితే బండి తేలికైతదని… ఔ, ఉట్టి రేకే ఉంటది, చూసిండ్రా… వాళ్లమ్మ ముంగట కూచొనే వచ్చింది సార్… పారెయ్యలే, పారెయ్యలే. మా షెడ్డు అటక మీద గోనెసంచి కప్పి పెట్టినం… పెట్టొచ్చు సార్, బెల్టులతోని సహా… వచ్చే ఆదివారం లోపలనా? అయితది. ఎందుకు సార్?

యాదగిరిగుట్టకా… ఎంతమంది?

మీరు, అమ్మగారు, లక్ష్మమ్మ గారు ఎనక… ముంగట వాళ్లిద్దరా?

…పడ్తరు సార్. ముగ్గురు మంచిగ పడ్తరు. గుట్ట ఎక్కుతదా అంటున్నరా, ఉరుక్కుంట ఎక్కుతది!… సార్, అంటే మరి ఇగ ఖాయమే— హలో?… సార్?

కట్ చేసిండు.

శ్రీశైలం అన్నా, చెయ్యి కడుక్కొనిరా. నిచ్చెన పట్టాలె. అటక మీది సీటు దించుదాం.